ఎవరిదీ కాని నడవ

కొలతల డ్రాయింగులో చాపలు, చెంబులు, ట్రంకుపెట్టెలు గీయకూడదని ఆర్కిటెక్చర్ చదివే మీకు మొదటి ఏడాదిలోనే చెప్పి ఉంటారు. బెంగళూరులో చదివినవాళ్ళయితే, ఆ మాట మీకు చెప్పిన టీచరుకు చెప్పింది నేనే అయ్యుండొచ్చు. గోడ గీయి. స్తంభం గీయి. తలుపు ఎటు తెరుచుకుంటుందో గీయి. చేత్తో ఎత్తి పక్కన పెట్టగలిగేది మాత్రం గీయకు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇదే పాఠం చెప్పాను. వినకుండా గీసినవాళ్ళ కాగితాల మీద ఎర్ర పెన్సిళ్ళు అరగదీశాను. ఆ పాఠం తప్పని ఇప్పుడూ అనను. కానీ అది ఒక ఇంట్లో ఏం చేసిందో చెప్పకపోతే నా మనసు కుదుటపడదు. కాస్త ఓపిక పట్టి చదవండి, నాది మొదట్నుంచీ సాగదీసే అలవాటే.

మాది అనంతపురం వైపు. బెంగళూరులో ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో నగరాల చరిత్ర చెప్పేదాన్ని. తొంభైల్లో మా తోటి ఉపాధ్యాయులంతా దొరల కాలపు బంగళాల మీద, పాత మార్కెట్ల మీద పరిశోధనలు చేస్తుంటే, నేను నగరం మింగేయబోతున్న ఊళ్ళ వెంట పడ్డాను. తూర్పున కె.ఆర్.పురం దాటి, బస్సు దిగి, దుమ్ములో నడుచుకుంటూ పోయేదాన్ని. మా విభాగాధిపతికి ఇదొక వేళాకోళం. "ఏమమ్మా, ఈ వారం ఏ పేడకుప్ప మీద పేపరు?" అనేవారు, స్టాఫ్‌రూములో అందరికీ వినబడేలా. నాకు ఒళ్ళు మండేది. ఒక్క ఇల్లయినా పునాది నుంచి పైకప్పు దాకా, ఎవరూ వంక పెట్టలేనట్టు కొలిచి గీయించి ఆయన బల్ల మీద పరచాలని పంతం పట్టాను.

ఆ ఇల్లు వర్తూరులో దొరికింది. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళది. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. నడుమ ఆకాశం కనిపించే తొట్టి, దాని చుట్టూ రాతి స్తంభాల నడవ, నడవకు అటూ ఇటూ గదులు, వెనక వంటిల్లు. ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లది. పెద్దాయన చెరువు కింద వరి పండించేవాడు. చిన్నాయనకు రోడ్డు మీద సిమెంటు, ఇనుము అమ్మే అంగడి ఉండేది. వీళ్ళిద్దరికీ పైన ఒక అక్క. చిన్నవయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికే తల్లి లేదు, తమ్ముళ్ళిద్దర్నీ ఆవిడే పెంచింది. వీధి వీధంతా ఆమెను అక్కా అనే పిలిచేది. నేనూ అంతే.

మొదట పెద్దాయన మమ్మల్ని గడప ఎక్కనివ్వలేదు.

"ఈ పాతకొంపలో ఏముండాది మేడమ్ చూసేదానికి? కొత్త కొత్త బిల్డింగులు లేస్తావుండాయి, అవి చూపించండి పిల్లోళ్ళకి" అన్నాడు.

ఇల్లు కొలవడమంటే సర్కారు రోడ్డు వేయడానికో, ఎవరో కొనడానికో అని ఆయన అనుమానం. నేను ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపుతున్నాడు. లోపల్నుంచి అక్క చీపురు పట్టుకుని వచ్చింది. నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మన మాట మాట్లాడతావుండాది గదప్పా ఆయమ్మ. ఎండలో నిలబెట్టేసినావు. రానీ, చూసుకోనీ. ఇల్లేమన్నా అరిగిపోతాదా?"

పెద్దాయన పక్కకు జరిగాడు. ఆ ఇంట్లోకి నన్ను రానిచ్చింది అక్క. ఇది మీరు గుర్తు పెట్టుకోకపోయినా నేను మర్చిపోలేదు.

మీకిప్పుడు లేజర్లు ఉన్నాయి, మీట నొక్కితే కొలత వస్తుంది. మాకు టేపులు, దారాలు, గోడ నిలువు చూసే తూకపుగుండు. పిల్లలు ఇల్లంతా దారాలు కట్టేశారు. అక్క వాటి కింద వంగి వంగి తిరుగుతూ, "ఇల్లు యాడికన్నా పారిపోతాదేమో అని కట్టేసినారా?" అని ఎగతాళి చేసేది. మధ్యాహ్నానికి అందర్నీ కూర్చోబెట్టి సంగటి, అనపగింజల పులుసు పెట్టేది. మా పిల్లల్లో సగంమందికి సంగటి మింగడం రాదు. నములుతుంటే చూసి పడీపడీ నవ్వేది. "నమలకూడదు రాజా, జారనియ్యాల" అని తను ముద్ద మింగి చూపించేది.

ఇంట్లో ఎవరెవరు ఎక్కడ ఉంటారో అడిగి తెలుసుకోవడం నా పని. పెద్దాయన్ను, ఆయన భార్యను, చిన్నాయన్ను, ఆయన భార్యను, పిల్లలను, ఆఖరికి పశువుల కొట్టం చూసుకునే మనిషిని కూడా అడిగాను. మీ గది ఏది, ఎక్కడ పడుకుంటారు, పండక్కి చుట్టాలొస్తే ఎవరు ఎక్కడికి మారతారు? అన్నీ రాసుకున్నాను. అక్కతో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాను. కానీ అదంతా వంటిల్లు గురించి, పొయ్యి గురించి, వాన పడితే తొట్టిలోకి నీళ్ళు ఎట్లా దిగుతాయన్న దాని గురించి.

డ్రాయింగు తయారై, ఏ గది ఎవరిదో పేర్లతో సహా నా బల్ల మీదికి వచ్చింది. బ్రహ్మాండంగా ఉంది. ఒక్కచోట మాత్రం, వంటింటి పక్కన నడవ మలుపులో, ఒక అమ్మాయి చుట్టిన చాప, చిన్న పెట్టె, గోడ మేకుకు వేలాడే సంచి గీసి, పక్కన పెన్సిలుతో "అక్క" అని రాసింది. నేను ఎర్ర పెన్సిలుతో కొట్టేసి "నడవ" అని రాశాను. అప్పుడే ఉద్యోగంలో చేరిన మా జూనియర్ లెక్చరరు, మైసూరు కుర్రాడు, పక్కనే ఉన్నాడు.

"మేడమ్, ఆమె ఉండేది అక్కడే కదా?" అన్నాడు మెల్లగా.

"ఉండటం వేరు, గది వేరు. గోడ చూపించు నాకు, గది అని రాస్తాను" అన్నాను.

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. చురక బాగా తగిలిందని నేను లోలోపల మురిసిపోయాను కూడా. నా నోటికి అప్పట్లో పదునెక్కువ.

మా విభాగంలో ఒక ఆనవాయితీ ఉండేది. కొలిచిన ఇంటివాళ్ళకు డ్రాయింగు ప్రతి ఒకటి ఫ్రేము కట్టించి ఇచ్చేవాళ్ళం. పెట్టిన తిండికి, ఇచ్చిన చనువుకు మర్యాదగా. పెద్దాయన దాన్ని ముందు గదిలో, వాళ్ళ నాన్న ఫోటో పక్కనే తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "కాలేజీవాళ్ళు మా ఇంటికి పటం గీసినారు" అని చెప్పుకునేవాడు.

నేనూ ఊరుకోలేదు. ఆ డ్రాయింగు స్లైడు పట్టుకుని, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు ఊరూరూ తిరిగి ఉపన్యాసాలిచ్చాను. ప్రతి ఉపన్యాసంలో ఒక వాక్యం ఉండేది: "ఈ ఇంటి నడుమ చోటు ఎవరిదీ కాదు, అందుకే అది అందరిదీ." అక్కడ ఒక్క క్షణం ఆగేదాన్ని. చప్పట్లు పడేవి. పేడకుప్పల విభాగాధిపతి గారు కూడా ఒకసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం నేను నేల మీద నడవలేదు.

కొన్నేళ్ళు గడిచాయి. రింగురోడ్డు వచ్చింది, బెళ్ళందూరు వైపు ఆఫీసులు లేచాయి, వర్తూరులో పొలాలు సైట్లయ్యాయి. పెద్దాయన ఒకరోజు కాలేజీకి ఫోన్ చేశాడు.

"తమ్ముడు భాగం అడగతా ఉండాడు మేడమ్. ఆదివారం పెద్దమనుషులు కూచుంటారు. ఇంటి గురించి మీకు తెలిసినట్టు ఎవురికి తెలుసు? మీరు రావాల."

నా సంబరం చూడాలి మీరు. ఇల్లు రెండు ముక్కలయ్యేటప్పుడు అడ్డుపడి నిలబెట్టే అవకాశం చరిత్ర టీచర్లకు ఎప్పుడొస్తుంది చెప్పండి? జూనియర్ని వెంటేసుకుని, దారి పొడుగునా ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటూ వెళ్ళాను.

నడవలో చాపలు పరిచి అందరూ కూర్చున్నారు. మధ్యవర్తి వాళ్ళ మేనమామ వరస ముసలాయన, నెమ్మదస్తుడు. చిన్నాయన ముభావంగా స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. అక్క వంటింటి గడప దగ్గర, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. మేము రాగానే ముసలాయన మొహం వికసించింది.

"రాండి మేడమ్, మీ గురించే అనుకుంటాంటిమి. టేపు పట్టుకోని కొట్లాడే పని లేకుండా చేసినారు. పటం ఉండాది, కొలత ఉండాది, పేరు ఉండాది. బేగ ముగిసిపోతాది" అన్నాడు.

గోడ మీది ఫ్రేము దించి, అద్దం ఊడదీసి, మా డ్రాయింగు చాప మీద పరిచారు. కాపాడటానికి గీయించిన బొమ్మ పంపకాల పటమైపోయింది. అయినా ధైర్యం చెప్పుకున్నాను, ఇంకా నా మాట మిగిలే ఉందిగా అని.

ముసలాయన వేలు పెట్టి చదువుతూ పోయాడు. ఇది పెద్దోని గది, ఇది చిన్నోని గది, ఇది వడ్లు పోసేది, ఇది పెద్దోని కొడుకుది. మేము రాసిన పేర్ల ప్రకారం గదులు టకటకా తేలిపోయాయి. వేలు నడవ మీదికి వచ్చి ఆగింది.

"ఇది ఎవురిది మేడమ్? నడవ అని ఉండాది, మనిషి పేరు లేదే?"

ఇదే అదను అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"అయ్యా, అసలు విషయం అక్కడే ఉంది. ఈ నడవ, ఈ తొట్టి ఎవరిదీ కాదు. అందుకే అది అందరిదీ. దీన్ని చీలిస్తే ఇటు గదులకు వెలుతురు ఉండదు, అటు గదులకు గాలి ఉండదు. రెండు ఇళ్ళు రావు, ఒక ఇల్లు పోతుంది" అన్నాను. ఇంకా చాలా చెప్పాను. స్తంభాల రాయి ఏ కొండదో కూడా చెప్పాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నా పక్కనున్న జూనియర్ మోచేత్తో పొడిచి, "మేడమ్, అక్క... అక్క..." అన్నాడు చెవిలో. "ఉండవయ్యా" అని విసుక్కున్నాను. మంచి ఊపులో ఉన్నాను మరి.

ముసలాయన అంతా శ్రద్ధగా విన్నాడు. ఎక్కడా అడ్డు చెప్పలేదు.

"బాగ చెప్తిరి మేడమ్. ఎవురిదీ కాదంటే ఇంక తకరారే లేదు. సగం సగం చేసేస్తాము. సుమ్నే ఊరికే తగువు ఎందుకు పెంచేది?" అన్నాడు. చెవి మీది పెన్సిలు తీసి, తొట్టి నడిమధ్య నుంచి వంటింటి దాకా ఒక గీత గీశాడు. ఆ గీత వంటింటి పక్కన నడవ మలుపును కూడా దాటింది. అప్పుడు తట్టింది నాకు, ఆ చోట నేను కొట్టేసింది ఏమిటో.

అది అక్క చోటు అని ఒక్కమాట అనాలి. ఆ మాట కోసం నోట్లో వెతుక్కుంటున్నాను. అప్పటిదాకా ఎవరిదీ కాదని గంటకొట్టినట్టు చెప్పినదాన్ని, ఇప్పుడు ఇది ఫలానావాళ్ళదని ఏ మొహంతో చెప్పను? తమ్ముళ్ళిద్దరూ పటం మీద నుంచి తల ఎత్తలేదు. అక్క మావైపే చూస్తోంది. కాసేపటికి లోపలికి వెళ్ళింది. మళ్ళీ గడప దగ్గరికి వచ్చి, "ఆకులేసినాను, లేయండి అందరూ, చల్లారిపోతాది" అంది. అందరం లేచి చేతులు కడుక్కుని కూర్చున్నాం. ఆమె వడ్డించింది, మేము తిన్నాం. నేను కూడా తిన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

తొట్టి నడుమ ముందు ఇటుకగోడ లేచింది. తర్వాత చిన్నాయన తన సగం బిల్డరుకు ఇచ్చేశాడు. గోడ అవతల యంత్రాలు మోగుతుంటే పెద్దాయన మాత్రం ఎంతకాలం ఉంటాడు? ఆయనా ఇచ్చేశాడు. అక్క కొన్నాళ్ళు ఒకరి ఇంట్లో, కొన్నాళ్ళు ఇంకొకరి ఇంట్లో ఉందట. మరదళ్ళ మధ్య మాటా మాటా పెరిగి, చివరికి ఎవరో దూరపు బంధువు తీసుకెళ్ళాడట, ఎక్కడికో సరిగ్గా తెలియదు. ఇవన్నీ జూనియర్ కనుక్కుని వచ్చి చెప్పేవాడు. "ఒకసారి వెళ్ళి చూద్దామా మేడమ్?" అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. పరీక్షలన్నాను, పేపర్లు దిద్దాలన్నాను, మోకాళ్ళ నొప్పులన్నాను. నిజం ఏమిటంటే నాకు మొహం చెల్లలేదు. ఉపన్యాసాల్లో ఆ స్లైడు తీసేశాను. స్లైడు ఏదమ్మా అని విభాగాధిపతి అడిగితే పాడైపోయిందని చెప్పాను.

ఉద్యోగం చివరి ఏళ్ళలో, ఆఫీసు కుర్రాళ్ళు ఎక్కడ ఉంటున్నారో, ఎట్లా ఉంటున్నారో చూసి రాయాలని బెళ్ళందూరులో హాస్టళ్ళు తిరిగాను. ఒక సందులో ఆంధ్రా భోజనం అని బోర్డు ఉన్న మగపిల్లల హాస్టలు. లోపల వంటింట్లో ఒక ముసలామె మూకుడులో పోపు వేస్తోంది. ఒక అబ్బాయి మెడలో ఆఫీసు బిళ్ళతో పరుగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, లంచ్ బాక్స్ రెడీనా? క్యాబ్ వచ్చేసింది, డ్రైవర్ కాల్ మీద కాల్ చేస్తున్నాడు!"

"వచ్చె వచ్చె, నీ క్యాబు ఎగిరిపోదులే. మూత సరిగ్గా పెట్టుకో, బ్యాగంతా సాంబారు చేస్తావు" అంటూ ఆమె ఇటు తిరిగింది.

అక్క. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

"అమ్మణ్ణీ! నువ్వేనా! తలంతా నెరిసిపాయె గదమ్మా నీకు!" అని తడిచేతుల్తోనే నా చేతులు పట్టుకుంది. స్టూలు లాగి కూర్చోబెట్టింది. మా పిల్లల గురించి, జూనియర్ గురించి, సంగటి నమిలిన అమ్మాయి గురించి ఒక్కొక్కరినే అడిగింది. నేను ముక్తసరిగా జవాబులు చెబుతున్నాను. తనకిక్కడ ఎట్లా ఉందని అడిగాను.

"రూము ఇచ్చినాడు ఓనరు. తలుపుండాది, గడియుండాది, ఫ్యానుండాది. నిద్రే లేదు" అని నవ్వింది. "మా ఇంట్లో ఎవురు లేచినా నన్ను దాటుకోనే పోవాల. ఎవురికి దగ్గు, ఎవురు అలిగి తినకుండా పండుకున్నారు, అన్నీ తెలిసేటివి. ఈడ ఇంతమంది పిల్లోళ్ళుండారు, ఎవురికి జ్వరమొచ్చినా పొద్దున ప్లేటు తీసుకునేదానికి రాకపోతేనే తెలిసేది."

ఇక ఆపుకోలేకపోయాను. ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళూ గుండెలో పెట్టుకున్నదంతా కక్కేశాను. ఆ చోటు కొట్టేసింది నేనేనని, ఆ రోజు పెద్దమనుషుల ముందు అది నీదని చెప్పాల్సింది నేనేనని, నోరు పెగల్లేదని. "గడప దగ్గర నిలబడి నువ్వు నన్ను చూసిన చూపు ఈనాటికీ నన్ను వదల్లేదక్కా" అన్నాను.

అక్క పొయ్యి తగ్గించింది. నేనేం మాట్లాడుతున్నానో అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది.

"నిన్నా? ఆ పొద్దు నిన్ను నేను చూడనే లేదమ్మణ్ణీ. నువ్వు ఊరుగాని ఊరుదానివి, నీకేం తెలుస్తాది? నేను నా తమ్ముళ్ళ మొకాలు చూస్తాంటి. ఇద్దర్లో ఒకడన్నా తలెత్తి, 'మరి అక్కకో?' అంటాడని."